ముత్యాల మాస్టారి చెయ్యి

ఆ వీధిలో ఎవరి చేతిరాత చూసినా దాని వెనక ముత్యాల మాస్టారు కనిపిస్తారు. మందుల కొట్టాయన పొట్లాల మీద రాసే పేర్లు, బస్టాండులో టైములు రాసిపెట్టే బల్ల, కోర్టు గుమాస్తా నింపే కాగితాలు, ఆఖరికి పెయింటరు గోడ మీద రాసిన 'ఇచ్చట చెత్త వేయరాదు' కూడా ఆయన చేతికింద తయారైన రాతే. ఊరి బడిలో చదివిన చదువు తప్ప ఆయన పెద్ద పరీక్షలేవీ ప్యాసవలేదు. అయితేనేం, ప్యాసైనవాళ్లంతా ఆయన దగ్గర దిద్దుకున్నవాళ్లే. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవారు. అడిగితే ఇంకాస్త సాగదీసి చెప్పేవారు.

"కోడి గెలికినట్టు రాసేవాణ్ని తెచ్చి నా ముందు కూలేశారు. ఏడాది తిరిగేసరికి పెద్దాఫీసు బోర్డులన్నీ వాడిచేతే రాయించారు" అని మొదలుపెట్టారంటే, వంటింట్లోంచి వాళ్లావిడ అందుకునేది.

"ఆ బోర్డులు పీకేసి కంప్యూటరువి పెట్టి చాలాకాలమైందండీ. మీకింకా కబురందినట్టు లేదు."

ఆయన పద్ధతి ఒక్కటే. పిల్ల వెనకాల పీట వేసుకుని కూర్చుని, ఆ చిన్న చేతిని తన గుప్పిట్లోకి తీసుకుని దిద్దించడం. రాత కంటితో వచ్చేది కాదని, చేతిలోంచి చేతిలోకి దిగేదని ఆయన నమ్మకం. ఒక్క పిల్ల విషయంలోనూ ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఒకే ఒక్క బలహీనత ఉండేది ఆయనకి. వంకర అక్షరం కంటపడితే కంట్లో నలుసు పడ్డట్టు గిలగిల్లాడిపోయేవారు. తుడిచి, మళ్లీ రాయించి, అది కుదిరాకే లేచేవారు.

బడిలో చేతిరాత నేర్పే ఉద్యోగం అయిపోయాక ఆయన్ని వెతుక్కుంటూ వెనకవీధిలోంచి ఒక చిన్న టీచరు వచ్చింది. మాట ఆలస్యమైన పిల్లలకి, వేళ్లలో పట్టు చాలని పిల్లలకి రెండు గదుల్లో ఆమె బడి నడుపుతోంది. రాత నేర్పేందుకు సాయం కావాలంది. "నేనుండగా నీకెందుకమ్మా దిగులు" అని మాస్టారు మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు.

ఆ గదిలో బల్లలన్నీ మోకాలెత్తువి. ఒక పళ్లెంలో సన్నటి ఇసుక, ఒక డబ్బానిండా బట్టల క్లిప్పులు. వేళ్లకి బలం రావాలని పిల్లలు ఆ క్లిప్పుల్ని నొక్కి తాడుకి తగిలిస్తుంటారు. కాగితం జారకుండా నాలుగు మూలలా టేపు అంటించి ఉంటుంది. కిటికీ పక్క బల్ల దగ్గర గువ్వ కూర్చునేది. అది వాళ్లమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. పిలిస్తే కాసేపటికి గాని తిరిగి చూడదు. ఎవరైనా ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. వాళ్లమ్మ టైలరు షాపులో కాజాలు కుడుతుంది. తండ్రి లేడు. పిల్లని పొద్దున్నే దింపి, షాపు కట్టేశాక వచ్చి తీసుకెళ్తుంది.

గువ్వ మాస్టారి చేతికి అలవాటు పడటానికి చాలా రోజులు పట్టింది. మొదట్లో లాక్కునేది. ఆయన విసుక్కోలేదు, అరచెయ్యి చాపి బల్లమీద పెట్టి ఊరుకునేవారు. ఒకరోజు ఆ పిల్ల తనంతట తానే తన చేతిని తెచ్చి అందులో పెట్టింది. మాస్టారిది ఆ పూట అన్నం దగ్గర కూడా అదే కథ.

"ఎంతమందికి నేర్పాను! ఇలాంటి చెయ్యి మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదే. దూదిలా ఉంటుంది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

"నన్నూ అలాగే అనుకుని చేసుకున్నారు పాపం" అంది ఆవిడ.

నెలలు గడిచేసరికి కాగితం మీద గువ్వ పేరు ముత్యాల్లా వచ్చింది. వాళ్లమ్మ ఆ కాగితాన్ని షాపుకి తీసుకెళ్లి తన మిషను ఎదురుగా గోడకి అంటించుకుంది. చొక్కాల కొలతలకి వచ్చినవాళ్లందరికీ చూపించింది. చిన్న టీచరు మాత్రం ఒకరోజు మాస్టారి పక్కన చేరి నెమ్మదిగా కదిపింది.

"మాస్టారూ, మీ చెయ్యి కొంచెం కొంచెంగా వెనక్కి రావాలండీ. ముందు మణికట్టు దగ్గరికి, తర్వాత మోచేతి దగ్గరికి. చివరికి మీరు పక్కన ఊరికే కూర్చోవాలి."

"రానిస్తానమ్మా. తొందరేముంది?"

రానిద్దామనే చూశారు. గుప్పిలి వదిలి మణికట్టు పట్టుకోగానే పెన్సిలు నీరసంగా పక్కకి జారింది. సున్న చుట్టాల్సిన చోట పురుగు పాకినట్టు ఒక గీత. ఆ గీతని చూసి మాస్టారి ప్రాణం ఉసూరుమంది. చటుక్కున మళ్లీ గుప్పిట పట్టి సున్న పూర్తి చేశారు. అది నిండుగా కుదిరింది. మర్నాడూ అలాగే చేశారు, ఆ తర్వాతా అంతే. కదిలేది ఎవరి చెయ్యో ఆయనకే తెలియకుండా పోయింది.

పై వీధిలో పెద్ద బడి ఉంది. గువ్వని అక్కడ చేర్పించాలని వాళ్లమ్మ ఆశ. హెడ్‌మిస్ట్రెస్ మనసున్న మనిషి. "మాటలు రాకపోయినా ఫరవాలేదు, తన పేరు తను రాస్తే చాలు, ఒకటో క్లాసులో కూర్చోబెడతాను" అంది. వాళ్లమ్మ పరుగున మాస్టారి దగ్గరికొచ్చింది.

"రాస్తుందంటారా మాస్టారూ? మీరు ఊఁ అంటేనే తీసుకెళ్తాను."

"ఇంకొన్నాళ్లు ఆగితే..." అని చిన్న టీచరు ఏదో అనబోయింది.

"నేను చెయ్యేసిన పిల్లమ్మా. అనుమానమెందుకు?" అన్నారు మాస్టారు. "ఆ హెడ్‌మిస్ట్రెస్ ఎవరనుకున్నావు? ఆవిడా నా దగ్గర దిద్దుకున్నదే."

హెడ్‌మిస్ట్రెస్ గదిలో మాస్టారు అడుగుపెట్టగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మాస్టారు గువ్వ వాళ్లమ్మ వైపు ఒకసారి చూశారు, చూశావా అన్నట్టు. గువ్వని బల్ల ముందు కూర్చోబెట్టారు. తెల్ల కాగితం, కొత్త పెన్సిలు. గువ్వ వెన్ను నిటారుగా పెట్టింది. ఎడంచేత్తో కాగితం అదిమింది. మూడు వేళ్ల మధ్య పెన్సిలు పొందిగ్గా పట్టుకుంది.

"ఎంత చక్కగా పట్టుకుందో" అంది హెడ్‌మిస్ట్రెస్.

పెన్సిలు మొన కాగితం మీద ఆనింది. అక్కడే ఉండిపోయింది.

"రాయమ్మా" అంది వాళ్లమ్మ. "నీ పేరు రాయి. తాతగారు నేర్పింది కదా."

గువ్వ కాగితం వైపు చూడటం లేదు. ఎడంచేతిని వెనక్కి చాపి గాలిలో వెతికింది. మాస్టారి చెయ్యి దొరికింది. దాన్ని లాక్కొచ్చి తన కుడిచేతి మీద పెట్టుకుని, నిశ్చింతగా కూర్చుంది.

"మీరు కాస్త ఎడంగా కూర్చోండి మాస్టారూ" అంది హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా.

మాస్టారు చెయ్యి తీసుకుని వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. గువ్వ అలాగే ఉంది. భయం లేదు, మొండితనం లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఎదురుచూస్తోంది. మొన ఆనినచోట చుక్క ఒకటి నల్లబడుతోంది. రాత అంటే ఆ పిల్లకి తెలిసింది ఇదే. వేళ్లు పొందిగ్గా పెట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి ఒక చెయ్యి వస్తుంది.

వాళ్లమ్మ బతిమాలింది. గడ్డం పట్టుకుంది. ఆఖరికి, "ఒక్కసారి ఆయన్ని పట్టుకోనివ్వండమ్మా, మొదలుపెడితే రాసేస్తుంది" అంది. హెడ్‌మిస్ట్రెస్ సరేనంది.

మాస్టారు వచ్చి పట్టుకున్నారు. పేరు జలజలా వచ్చేసింది. వాళ్లమ్మ మొహం వెలిగింది. హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది మీ రాత మాస్టారూ" అంది. "నా చిన్నప్పుడు నా పలక మీద ఉన్నది ఇదే. నాకు తెలియదా?"

మాస్టారు గువ్వ చేతిమీంచి తన చెయ్యి తీసుకున్నారు.

బయట వరండాలో వాళ్లమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

తెలుసనీ చెప్పలేరు, తెలియదనీ చెప్పలేరు. "పిల్లే కదుపుతోందనుకున్నానమ్మా" అన్నారు చివరికి.

"మీ దగ్గరికి రాకముందు ఇది గోడలనిండా గీతలు గీసేది. బొగ్గు దొరికితే బొగ్గు, నా సుద్ద దొరికితే సుద్ద. ఇల్లుగలావిడ తిడుతుందని కొట్టేదాన్ని. మీ దగ్గర కూర్చున్నాక మానేసింది. బుద్ధొచ్చిందని సంబరపడ్డాను." కూతురి వేళ్లకేసి చూసింది. "ఇప్పుడు తనంతట తను ఒక్క గీత కూడా గియ్యదు మాస్టారూ."

ఆ మాట చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది. గువ్వ వెనక్కి తిరిగి తిరిగి మాస్టారి చేతికేసి చూస్తూ నడిచింది.

ఆ సాయంత్రం వాళ్లావిడ ఏమైందని అడిగింది. ఆయన చెప్పారు. ఆమె వేళాకోళమాడలేదు. కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన కలిపిన అన్నం కలిపినట్టే ఉండిపోయింది.

మర్నాడు మాస్టారు నలిగిన చొక్కాతోనే బడికి వెళ్లారు. తనని ఇంక రావద్దంటారనుకున్నారు. వాళ్లమ్మ పిల్లని దింపుతూ చిన్న టీచరుతో అంటున్న మాట గుమ్మం దగ్గరే వినబడింది.

"ఆయన్నే కూర్చోనివ్వండి. వేరేవాళ్లు ముట్టుకుంటే ఇది ఊరుకోదు కదా. నాకింకో దారేది?"

ఆ మాట తిట్టుకన్నా లోతుగా దిగింది. మాస్టారు పీటని వెనకనుంచి తీసి బల్లకి ఎదురుగా వేసుకున్నారు. కాగితానికి టేపు అంటించారు. పెన్సిలు అందించి, తన రెండు చేతుల్నీ చంకల్లో బిగించి కూర్చున్నారు. గువ్వ వెన్ను నిటారుగా పెట్టింది. వేళ్లు పొందిగ్గా పెట్టింది. వెనక్కి చెయ్యి చాపి వెతికింది. అక్కడ ఎవరూ లేరు. ఎదురుగా ఉన్న ఆయన్ని చూసి, చెయ్యి ముందుకు చాపింది.

"నువ్వే గియ్యి తల్లీ" అన్నారాయన. "వంకరగా గియ్యి. ఎలాగైనా గియ్యి. పురుగు పాకినట్టు గియ్యి."

అర్థం కాలేదు దానికి. చాపిన చెయ్యి అలాగే ఉంచింది. కాసేపటికి పెదవి వణికింది, ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు వింటూ చేతుల్ని చంకల్లో ఇంకా గట్టిగా నొక్కిపెట్టుకోవడం తప్ప మాస్టారికి మరో పని లేకపోయింది. చిన్న టీచరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఏడ్చి ఏడ్చి అలిసి గువ్వ బల్లమీదే తల వాల్చి నిద్రపోయింది. పెన్సిలు వేళ్ల మధ్యే ఉంది. కాగితం ఎలా అంటించారో అలాగే తెల్లగా ఉంది.

షాపు కట్టేసి వాళ్లమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"రాసిందా మాస్టారూ?"

"లేదమ్మా."

"ఒక్క గీతైనా?"

"లేదమ్మా."

"రేపు గీస్తుందంటారా?"

జీవితమంతా ఆ ప్రశ్నకి గుండెమీద చెయ్యేసుకుని జవాబు చెప్పిన మనిషి. "నాకు తెలియదమ్మా" అన్నారు.

ఆమె లోపలికొచ్చి, పిల్ల వేళ్లలోంచి పెన్సిలు మెల్లగా తీసి బల్లమీద పెట్టి, నిద్రలో ఉన్నదాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయింది.