మూడు కడవల నీళ్లు, సగం చుట్ట

మా బావి మేస్త్రి పోయాడన్న కబురు శ్రావణంలో వచ్చింది. విస్సన్నపేట సంత నుంచి వస్తున్న బండివాడు నూజివీడులో మా కొట్టు ముందు ఆగి, "మీ మేస్త్రి నిన్న పొద్దున పోయాడండి. దగ్గు ఎక్కువైంది" అని చెప్పి, అరవీశె బెల్లం తూచమన్నాడు. నేను తూకపు రాయి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మూడో రోజు నేనే వచ్చి చూస్తానన్నావు గదయ్యా, అనుకున్నాను. ఆ మూడో రోజు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అతను మాకు చుట్టమేమీ కాదు. చాట్రాయి నుంచి జి. కొండూరు దాకా ఎన్ని బావులు తవ్వాడో అతనికే లెక్క లేదు. పొట్టి మనిషి. నడుముకి ఎప్పుడూ చుట్టల పొట్లం. నేలను అందరం పైనుంచి చూస్తాం, అతను లోపలి నుంచి చూసినవాడు. దారిన పోతూ కాలితో తట్టి, "ఇక్కడ నాలుగు మూరల కింద ఇసకుంది" అనేవాడు. తవ్వితే ఇసకే. ఎప్పుడైనా లెక్క తప్పితే, "ఇవాళ నా కాలు అబద్ధమాడింది" అని నవ్వేవాడు.

నా సంగతీ చెప్పాలి. మాది కొట్టుతోబాటు కాయల వ్యాపారం చేసే ఇల్లు. మామిడికాయను గంపలో చూడటమే గాని చెట్టు మీద చూసింది తక్కువ. చేత్తో పట్టుకుంటే ఎన్నాళ్లకి మగ్గుతుందో చెబుతాను. ఏ నేలలో కాసిందంటే తెల్లమొహం వేస్తాను. నోరు మాత్రం పెద్దది. దీని నోటికి గడియ లేదని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది.

అలాంటిదానికి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద వాగు ఒడ్డున మూడెకరాలిచ్చారు. స్వరాజ్యం వచ్చిన వానాకాలంలో వాగు పొంగి ఆ చేను మీదుగా పారింది. నీళ్లు తీశాక చూస్తే ఒక పక్క కోడిగుడ్లంతేసి గులకరాళ్లు, ఇంకో పక్క మెత్తని ఒండ్రు. పైరు పోయింది, పోతే పోయింది, నేలే మారిపోయింది. నెల తిరక్కుండానే రోడ్డు కంట్రాక్టరు మనిషి కొట్టుకి వచ్చాడు, గులక తవ్వుకుంటామని. ఇచ్చేద్దామా అన్నారు మావారు.

"తవ్వుకుపోతే ఏం మిగులుతుంది? గొయ్యి మిగులుతుంది. మా నాన్న నాకు గొయ్యి ఇవ్వలేదు" అన్నాను. అక్కడ మామిడితోట వేస్తానన్నాను.

మావారు ఒక గడువు పెట్టారు. "సరే, వేయి. రెండు వానాకాలాలు చూద్దాం. మొక్కలు నిలిస్తే తోట, లేకపోతే రోడ్డు" అన్నారు.

గుంటలు తవ్వడానికి మేస్త్రిని పిలిచాను. చేలోకి వచ్చినవాడు గునపం దించకుండా ఒక రాయి తీసి అరచేతిలో దొర్లించాడు.

"కొండరాయి కోసుగా ఉంటదమ్మగారూ. ఇది చూడండి, నున్నగా గుండ్రంగా ఉంది. నీళ్లు దొర్లించిన రాయి. గుండ్రాయి ఉన్నచోట వాగుకి హక్కుంటది. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వచ్చి అడుగుద్ది."

"అడిగితే నేను చెప్పుకుంటాలే, నువ్వు తవ్వు" అన్నాను.

ముందు మూడు చోట్ల మోకాలి లోతు గుంటలు తీశాడు. ఒక్కో గుంటలో మూడు కడవల నీళ్లు పోయించి, గట్టున కూర్చుని చుట్ట వెలిగించాడు. అతని గడియారం అదే. ఒక గుంటలో చుట్ట పావు వంతు కాలేసరికి నీళ్లు లేవు. ఇంకోదాంట్లో సగం దాకా నిలిచాయి. ఒండ్రు మందంగా ఉన్న మూలన చుట్ట మొత్తం కాలిపోయినా అడుగున నీళ్లు మెరుస్తూనే ఉన్నాయి.

"పది అడుగులకో నేల. వాగు ఒకప్పుడు ఇట్టా పారింది, తరవాత పక్కకి జరిగింది. పాత దారిలో గులక పోసిపోయింది, ఒడ్డున ఒండ్రు వదిలిపోయింది. పైకి ఒకటే చేనండి, కిందంతా అతుకుల బొంత" అన్నాడు. "సగం చుట్టలోపు ఇంకితే మామిడి బతుకుద్ది. అది దాటితే వేరు కుళ్లుద్ది." ఒండ్రు మూలన మొక్క వద్దని, గడ్డికి వదిలేయమన్నాడు. అంతవరకు విన్నాను.

మా వైపు ఎర్రనేలల్లో మామిడి గుంటకి చెరువుమట్టి పోయడం ఆనవాయితీ. పెద్దపెద్ద తోటలవాళ్లంతా పోస్తారు. నేనేం తక్కువ తిన్నానా? వేసవిలో ఎండిన చెరువు నుంచి బండ్ల మీద బండ్లు తోలించాను. నల్లని మట్టి, చూస్తేనే కడుపు నిండేది. అది చూసి మేస్త్రి ఒక్కసారే అన్నాడు: "చెరువుమట్టి వద్దమ్మగారూ. తవ్విన గులకా ఒండ్రూ కలిపి పూడ్చండి. ఈ నేలకి ఈ నేలే చాలు."

"పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు వట్టి చేతులతో పంపుతామా మేస్త్రీ?" అన్నాను. కూలీలు నవ్వారు. అతనూ నవ్వి ఊరుకున్నాడు. ఆషాఢంలో డెబ్బై రసాల అంట్లు నాటించాం.

ఆశ్వయుజానికి ఆకులు పసుపెక్కాయి. రాళ్లనేల కదా, నీళ్లు చాలడం లేదేమోనని వాన లేని రోజుల్లో కడవలతో పోయించాను. ఇదీ నా తెలివి! కార్తీకంలో ముసురు వెలిశాక వెళ్లి చూస్తే సగానికి పైగా మొక్కలు వాడి వేలాడుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. మేస్త్రిని పిలిపించి, కూలీలందరి ముందూ కడిగేశాను.

"గుంట నీది, లోతు నీది, నీళ్ల లెక్క నీది. బావులు తవ్వేవాడికి చెట్ల సంగతేం తెలుస్తుంది? నిన్ను నమ్మడం నాది బుద్ధితక్కువ!"

అతను చచ్చిన మొక్క పక్కన గొంతుక్కూర్చుని గునపంతో గుంట అంచు పగలగొట్టాడు. వాన వెలిసి అయిదు రోజులైంది. లోపల చెరువుమట్టి ఇంకా ముద్దగా ఉంది. పిండితే నీళ్లు కారాయి. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. జానెడు అవతల గులక మాత్రం పొడిపొడిగా ఉంది. ఆ నల్లముద్ద తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గులకలో బంకమట్టి పోస్తే కుండ పెట్టినట్టేనమ్మగారూ. చుట్టూ ఉన్న నేల నీళ్లు వదిలేస్తది, కుండ వదలదు. మనమే చేశాం కుండ."

మనమే అన్నాడు. అతను వద్దన్నాడని అక్కడున్న ప్రతి కూలీకీ తెలుసు. నేను చెయ్యి దులుపుకుని బండెక్కి ఇంటికి వచ్చేశాను. అప్పుడే తప్పు నాదని అనేస్తే పోయేది. అనలేదు. పదిమందిలో అరిచిన గొంతు పదిమందిలో దిగిరావడానికి పెగల్లేదు. నాకు సిగ్గేసింది, అంతే.

మర్నాడు పొద్దున్నే అతను ఏమీ జరగనట్టు చేలో ఉన్నాడు. చెరువుమట్టి అంతా తవ్వి బయటికి తోడాడు. నేను ఆడకూలీల చేత రాళ్లేరించి గట్టున కుప్ప పోయిస్తుంటే ఆపాడు. మంచు పడే రోజులవి. ఒక రాయి తిరగేసి చూపించాడు, దాని కింద మట్టి తడిగా ఉంది. "రాయిని తిడతారు గాని, ఎండాకాలం ఇదే దుప్పటండి. మొదలు చుట్టూ ఉండనివ్వండి" అన్నాడు. పెంట విషయంలోనూ అంతే. "ఈ నేల జల్లెడ. ఒక్కసారే పెంట పోస్తే మన వానలకి సారమంతా కిందికి దిగిపోద్ది. చంటిపిల్లకి పాలు పట్టినట్టు, కొంచెం కొంచెం వెయ్యండి" అనేవాడు.

ఆ చలికాలమంతా అతనికి తప్పు నాదన్న ఆ మాట చెప్పాలనే చేనుకి వెళ్లేదాన్ని. చెప్పలేక కొట్లోంచి బెల్లం పంపేదాన్ని. ఉగాదికి పంచె పంపాను. "ఇంత బెల్లమెందుకమ్మగారూ, ఇంట్లో చీమలు పట్టాయి" అన్నాడొకసారి. నేను నవ్వేసి, పై వారం మళ్లీ పంపాను.

ఈ ఆషాఢంలో మళ్లీ డెబ్బై అంట్లూ నాటాం. తవ్విన గులకా ఒండ్రూ కలిపి, చారెడు ఆకుపెంట వేసి, మొదలు కాస్త ఎత్తుగా పూడ్చాం. అప్పటికే అతనికి దగ్గు. గునపం పట్టలేక గట్టున కూర్చుని చెప్పి చేయించాడు. మావారిచ్చిన గడువులో మిగిలింది ఈ ఒక్క వానాకాలమే. కంట్రాక్టరు మనిషి అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడు. వెళ్లేముందు మేస్త్రి అన్నాడు: "పెద్దవాన పడనివ్వండి. వెలిసిన మూడో రోజున ఒక మొదలు పక్కన తవ్వి, మూడు కడవలు పోసి చూద్దాం. తడిసిన నేల కూడా సగం చుట్టలోపు తాగితే ఇంక భయం లేదు. నేనే వచ్చి చూస్తా."

రాలేదు. నేను పెద్దకర్మకి వెళ్లి, అతని భార్య పక్కన ఓ గడియ కూర్చుని వచ్చాను. అక్కడా నోరు పెగల్లేదు.

పెద్దవాన భాద్రపదంలో పడింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. వెలిసిన మూడో రోజు పొద్దున చేనుకి వెళ్లేసరికి మేస్త్రి భార్య నాకంటే ముందే వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన అతని గునపం.

"మూడో రోజు కదండీ. ఆయన రమ్మన్నాడు" అంది.

ఇద్దరం కలిసే తవ్వాం. నా జన్మలో గునపం పట్టడం అదే మొదలు. మూడు కడవలూ పోశాక ఆమె కొంగుముడి విప్పి అతని చుట్ట ఒకటి తీసి వెలిగించింది. నాలుగు దమ్ములు పీల్చి గుంటలోకి చూస్తూ కూర్చుంది. నేను చుట్ట కొసనే చూస్తున్నాను. నాకు గుంటలోకి చూడ్డానికి ధైర్యం లేకపోయింది.

"మట్టి తోలింది నేనే. ఆయన వద్దన్నాడు. అందరి ముందూ ఆయన్నే తిట్టాను. తప్పు నాది" అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది. "మాకు తెలుసు కదండీ. ఆయన ఆ రోజే ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మగారికి తప్పు తెలిసింది, నోరు రావట్లేదు, రేపు పొద్దున్నే పోవాలి, లేకపోతే ఆమె ఇంక చేనుకే రాదు అన్నాడు. బెల్లం వచ్చినప్పుడల్లా, ఇదిగో అమ్మగారు మళ్లీ చెప్పిందనేవాడు."

మొక్కలు నిలిచాయి. అరవై ఎనిమిది. ఈ కార్తీకంలో మళ్లీ వచ్చిన కంట్రాక్టరు మనిషికి మావారే లేదని చెప్పి పంపారు. కాపు రావడానికి ఇంకా అయిదారేళ్లు పడుతుంది. ఈలోగా వాగు తన హక్కు అడిగినా అడగొచ్చు.

ఆ రోజు ఆమె వంగి గుంటలోకి చెయ్యి పెట్టింది. పైకి తీసిన చేతిలో ఒక గులకరాయి ఉంది, అప్పటికే తడి ఆరుతోంది. గుంటలో నీళ్లు లేవు. ఆమె చుట్టను ఆ రాతి మీదే నలిపి ఆర్పి, మిగిలిన ముక్కను కొలుస్తున్నట్టు కళ్ల ముందు పెట్టుకు చూసి, నా అరచేతిలో పెట్టింది. సగం కంటే ఎక్కువే ఉంది.