ఒక పక్కే అరిగిన పట్టా

లేదండి, కమ్మరి బాబాయి కుడి చెయ్యి కొలిమిలో కాలిపోలేదు. దాన్ని విరగ్గొట్టారు. ఇనుము పెట్టి బాదే ఆయన దాగలి మీదే పెట్టి, ఆయన సమ్మెటతోనే విరగ్గొట్టారు. మొన్న మంగళవారం పొద్దున ఆయన పోయాడు. పక్కూళ్లో ఎద్దుని పడుకోబెట్టి నాడాలు కొడుతుంటే కాళ్ల కట్టు ఊడిపోయింది. ఒంటి చేత్తో వేసిన ముడి నిలబడలేదు. ఎద్దు రొమ్ము మీద తన్నింది. నోట్లోంచి నెత్తురు పడింది. మంచినీళ్లు అడిగాడట, అవి తెచ్చేలోపే అయిపోయింది. సాగనంపి వస్తుంటే ఒకాయన, "పాపం, కొలిమిలో చెయ్యి కాల్చుకున్నాక మనిషి మరి కోలుకోలేదు," అన్నాడు. అసలు సంగతి తెలిసినవాళ్లూ తలలూపారు. నేను పక్కనే నడుస్తున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

నలుగురిలో నాకు నోరు పెగలదు. వీధి బడిలో గుణింతాలు దాటి నాలుగు నెలలు చదివాను, అంతే. అందుకే బండ్లు తోలే మీ అందరికీ నాకు తెలిసినట్టు రాస్తున్నాను. బండ్ల మకాంలో చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి.

బాబాయి మెత్తటి మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే ఆయన మీద అబద్ధం రాసినట్టవుతుంది. ఆయన చేతి దెబ్బ తినని కుర్రాడు మా వీధిలో లేడు. చక్రానికి ఇనప పట్టా వేసే రోజు కొలిమి దగ్గరికి పోవాలంటే పెద్దవాళ్లకే భయం. పిడకలు గుండ్రంగా పేర్చి, పట్టా పెట్టి, నిప్పంటించేవాడు. అది ఎర్రబడ్డాక ముగ్గురు మూడు పటకార్లతో ఎత్తి చక్రం మీద పడేసేవాళ్లు. కర్ర భగ్గుమనేది. బాబాయి ఆ మంటలోకి దూరి సమ్మెటతో బాదేవాడు. తిడుతూ బాదేవాడు. "లొంగవే, నీ పొగరు కాలా, లొంగు." కుండలతో నీళ్లు గుమ్మరించగానే ఇనుము బిగుసుకుని లోపలి కర్రని నలిపేసేది. చక్రం ఆకు కర్రలు ఒక్కొక్కటీ కీచుమనేవి. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమనేవి.

"అరవనియ్యిరా. ఇప్పుడు అరిస్తే తోవలో అరవదు," అనేవాడు.

ఒకసారి కొబ్బరికాయలు తోలే బండాయన ఒకడు అరిగిన చక్రం దొర్లించుకుంటూ వచ్చాడు.

"ఏం పట్టా వేశావయ్యా? ఆర్నెల్లు నిలబడలేదు. ఇనుము తినేశావా ఏంటి?"

బాబాయి కళ్లు మూసుకుని బొటనవేలితో పట్టా చుట్టూ తడిమాడు.

"నువ్వు బండి మీద ఎడమ పక్క ఒరిగి నిద్రపోతన్నావు. ఎడ్లు కాలవ గట్టు దిగువకి లాక్కుపోతన్నాయి. ఇదిగో, ఈ పక్కంతా తినేసింది. ఆ పక్క చూడు, నా సుత్తి గుర్తు కూడా చెరగలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "పగ్గాలు ఎడ్లకిచ్చి నువ్వు కాడి కింద మెడ పెట్టు బావా, తోవ నీకూ తెలుస్తాది," అన్నాడొకడు. బండాయనకి రోషం వచ్చి బాబాయి జుట్టు పట్టుకున్నాడు. బాబాయి ఆయన మెడ వంచి, ఇనుము చల్లార్చే తొట్టిలో తల ముంచి, కాళ్లు కొట్టుకునేదాకా అలాగే ఉంచాడు. తర్వాత పైకి తీసి తన పైగుడ్డతోనే మొహం తుడిచాడు.

"మెలకువ వచ్చిందా? రా, చక్రం చూద్దాం. ఇనుము అబద్ధమాడదయ్యా. ఎక్కడ అరిగిందో చూస్తే ఎవడు మోశాడో తెలుస్తాది."

మా బండి మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరంలో కాలవల దొర వెళ్లిపోతూ వేలం వేసిన నాలుగు చక్రాల పెద్ద బండి. మా నాన్న పాడుకున్నాడు. తీర్థాలకి పోయేవాళ్లు, రాజమండ్రిలో కడుతున్న రైలు వంతెన చూడాలనుకునేవాళ్లు, దూరప్రయాణమంటే దాన్నే కట్టించుకునేవాళ్లు. ముందు చక్రాలు చిన్నవి. బరువంతా వాటి మీదికే తోసేది, మలుపు తిరిగేవీ అవే. నాన్న పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. పగ్గాలు నా చేతికొచ్చాయి.

రాజమండ్రి వైపు పోయేటప్పుడు కాలవ మన ఎడమ పక్క ఉంటుంది. గట్టు కాలవ వైపుకి వాలు. పోయేటప్పుడు మనుషులు, పెట్టెలు, బియ్యం మూటలు. వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ. అంటే బరువున్నప్పుడల్లా ఎడమ ముందు చక్రమే మోసేది. దాని పట్టా బయటి అంచు గాడి గోడకి రాసుకుని కత్తిలా పలచబడేది. కుడిది కొత్తదానిలా ఉండేది. దీనికి మందు బాబాయే చెప్పాడు. నెలకోసారి ఎడమ ముందు చక్రం కుడికీ, కుడిది ఎడమకీ వెయ్యాలి. అప్పుడు రెండూ సమంగా అరుగుతాయి.

అమావాస్యకి కమ్మరులు కొలిమి వెలిగించరు. ఆ సెలవు రోజున ఆయన మా ఇంటికొచ్చి, ఇరుసు చీలలు ఊడగొట్టి, చక్రాలు మార్చేవాడు. ఎడ్లకి చెరో బెల్లం ముక్క పెట్టేవాడు. నేను ఖాళీగా కనిపిస్తే వీపు మీద ఒకటి వేసేవాడు. నాన్న లేని ఇంటికి నెలకోసారి ఒక మగమనిషి వచ్చి కేకలు వేసి పోవడం ఎంత ధైర్యంగా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు.

మా అమ్మకి మాత్రం ఆ మార్చడం నచ్చేది కాదు. మా ఇళ్లలో దసరాకి కుడి ముందు చక్రానికే పసుపు రాస్తారు. అది ఇంటి యజమాని చక్రం. పీనుగుని మోసిన బండికి తప్ప దాన్ని ఎడమకి వెయ్యరు. "మా పిల్లాడు ఒక్కడే మిగిలాడయ్యా, వాడికి కీడు తేకు," అనేది అమ్మ. "చక్రానికి కుడేంటి ఎడమేంటి వదినా? గుండ్రంగానే ఉంది కదా," అని బాబాయి సుత్తి అందుకునేవాడు.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆయన గోదావరి దాటి ఆత్రేయపురంలో కూతురింటికి వెళ్లాడు. అల్లుడికి జబ్బు చేస్తే ఆ కొలిమి చూడాల్సి వచ్చింది. పోతూ పోతూ, "అమావాస్యకి నువ్వే మార్చు. మర్చిపోతే నీ వీపు మీద పట్టా వేస్తాను," అన్నాడు. మూడు అమావాస్యలు వచ్చాయి. నేను మార్చలేదు. మొదటిసారి అమ్మ ఏడ్చింది. రెండోసారి నాకే భయమేసింది. ఆ తర్వాత దసరా పసుపు పచ్చగా ఉంది, ముట్టుకోబుద్ధి కాలేదు.

దీపావళి మర్నాడు ఆయన తిరిగొచ్చాడు. రేవు దగ్గర బండి ఆపుకుని ఉంటే ఎదురయ్యాడు.

"చక్రాలు మార్చావా?"

"ఆఁ."

"మూడుసార్లూ?"

"ఆఁ."

వంగి చూడబోయి ఆగాడు. నా తల మీద చెయ్యి వేశాడు. "నోరు లేనోడు అబద్ధమాడడులే," అన్నాడు. కొట్టకుండా ఆయన నన్ను ముట్టుకున్నది అదే మొదటిసారి.

నాలుగు రోజులకి మా ఊరి కామందుగారి తల్లిగారిని కార్తీక స్నానానికి రాజమండ్రి తీసుకెళ్తున్నాను. వానలకి గట్టు మెత్తబడి ఉంది. ఎదురుగా బస్తాల బండి వస్తే ఎడమకి ఒత్తాను. పట్టా తెగింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెగిన పట్టా కొరడాలా లేచి ఎడమ ఎద్దు వెనక కాలి నరం కోసేసింది. అది కూలింది. బండి కాలవలోకి పల్టీలు కొట్టింది. నేను గట్టు మీద పడ్డాను. మోచేతి తోలు లేచింది, అంతే. ముసలమ్మగారు బండి కప్పు కింద నలిగిపోయారు. బయటికి తీసేసరికి నోటినిండా బురద. కుడి ఎద్దు మెడకి తాడు బిగిసి నీళ్లలోనే పోయింది. దాని కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

సాయంత్రానికి కామందుగారు పాలేర్లతో ముందు చక్రాలు రెండూ మోయించుకుని కొలిమి దగ్గరికి వచ్చారు. నన్నూ లాక్కొచ్చారు.

"ఈ పట్టా ఎవడేశాడు?"

బాబాయి తెగిన పట్టా మీద బొటనవేలు పెట్టి చివరిదాకా తడిమాడు. తర్వాత కుడి చక్రం వైపు చూశాడు, దాని పట్టా అరగనే లేదు. దసరా పసుపు ఇంకా దాని మీద అలాగే ఉంది. తర్వాత నన్ను చూశాడు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

"నేనేనండి. ఇనుములో లోపం ఉందండి. చూసుకోలేదు," అన్నాడు.

"ఈ కుర్రాడో?"

"వాడికేం తెలుసండి, ఎడ్లని తోలడం తప్ప? వాణ్ని పొమ్మనండి."

ఇద్దరు పాలేర్లు బాబాయి కుడి చెయ్యి దాగలి మీద అదిమిపట్టారు. మూడోవాడు సమ్మెట ఎత్తాడు. ఆ ముందు వారమే ఇదే కొలిమిలో కొడవలికి పదును పెట్టించుకుని పోయినవాడు. మొదటి దెబ్బ వేళ్ల మీద పడింది. రెండోది మణికట్టు మీద. ఎముక చప్పుడు ఇనుము చప్పుడులా మోగదు, తడిగా ఉంటుంది. బాబాయి ఎంత తిట్టేవాడో మీకు తెలుసు. ఆ రోజు ఒక్క తిట్టు తిట్టలేదు. పిన్ని గుమ్మంలో పడి గుండెలు బాదుకుంటోంది. నేను గోడకి ఆనుకుని మూడో దెబ్బ కూడా చూశాను.

"ఈ కొలిమిలో పట్టా వేయించిన బండి నా పొలాల గట్టు ఎక్కకూడదు. ఎక్కితే తగలబెడతాను," అన్నారు కామందుగారు. అప్పటి నుంచి మనమెవరం ఒక్క చక్రం ఆ గుమ్మానికి తీసుకెళ్లలేదు.

చెయ్యి కుళ్లి వైద్యుడు రెండు వేళ్లు తీసేశాక ఒక రోజు వెళ్లాను. ఎందుకలా చెప్పావు బాబాయ్ అని అడిగాను. ఎడం చేత్తో నా చెంప పగలగొట్టాడు. పిన్ని పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ, పిల్లాణ్ని పట్టుకుని?"

"ఇది అబద్ధానికి," అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "చెయ్యి పోయినా నాకు నోరుందిరా. తిట్టుకుంటూ అయినా బతుకుతాను. నీకు ఆ నోరు లేదు. చెయ్యి కూడా పోతే ఏం పెట్టుకుని బతుకుతావు?"

ఆ తర్వాత రెండేళ్లు ఎడం చేత్తో నాడాలు కొడుతూ ఊళ్లు తిరిగాడు. సుత్తి గురి తప్పి మేకు తన అరచేతిలోనే దిగేది. పళ్లతో పీకి, నెత్తురు ఉమ్మేసి, మళ్లీ కొట్టేవాడు. నా సంగతి ఎవరికీ చెప్పలేదు. పిన్నికి కూడా.

పిన్నికి నేనే చెప్పాను, ఆయన పోయిన మూడోరోజు. ఆవిడ ఏడవలేదు. "నాతో చెప్పి ఏం లాభం నాయనా? కొలిమి మూయించింది నేనా?" అంది. వాళ్లబ్బాయికి పని వచ్చు, తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. పట్టా వేయించుకునే బండే లేదు, నాది ఆ కాలవలోనే పోయింది. వచ్చే నెలలోగా ఒక్క చక్రమైనా రాకపోతే తల్లీ కొడుకూ ఊరు విడిచిపోతారు.

నిన్న పొద్దున కామందుగారి అరుగు దగ్గరికి వెళ్లాను.

"ఏంటబ్బాయ్?"

"చక్రాలు మార్చమని బాబాయి చెప్పాడండి. నేను మార్చలేదండి. మార్చానని అబద్ధం చెప్పానండి. పట్టాలో లోపం లేదండి."

అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన చేతికర్ర తీశారు. మొదటి దెబ్బకి చెవి గింగురుమంది. తర్వాతవి లెక్క తెలియదు. కర్ర విరిగేదాకా కొట్టారు. నేను చేతులు అడ్డం పెట్టలేదు. విరిగిన ముక్క పట్టుకుని ఆయన అరుగు మీద కూలబడ్డారు.

"ఆ రోజు మా అమ్మ నిన్నేమైనా అడిగిందా?"

"బండి ఇలా ఒరిగిపోతోందేంట్రా అన్నారండి."

"నువ్వేమన్నావు?"

"గట్టు అలా ఉందండి, భయం లేదండి అన్నాను."

"తర్వాత?"

"సరేలే అని కళ్లు మూసుకున్నారండి. జపం చేసుకుంటున్నారు."

ఆయన లేచి లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. కొలిమి సంగతి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇవాళ పొద్దున్నే వాళ్లబ్బాయి కొలిమి ముందు నేల ఊడ్చి, పిడకలు గుండ్రంగా పేర్చాడు. గాలి కొట్టే తిత్తికి కొత్త తోలు కుట్టాడు. ఇంకా నిప్పు పెట్టలేదు. పిన్ని గుమ్మంలో కూర్చుని గట్టు మీద పోయే మన బండ్లని చూస్తోంది. నాకు ఒక కన్ను వాచి మూసుకుపోయింది, రెండోదానితో నేనూ చూస్తున్నాను. ఒక్కో బండి ఎడమకి ఒరుగుతూ పోతోంది. మొదటి చక్రం మీలో ఎవరు దొర్లించుకొస్తారు?