కుంకుమ తిన్న కంప్యూటర్

ముందుగా మిత్రులందరికీ సాష్టాంగ క్షమాపణలు. ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఇందులో అతిశయోక్తులు ఉంటాయి, స్వోత్కర్ష ఉంటుంది, ఫ్లాపీ డ్రైవ్ రిపేరు కూడా ఉంటుంది. మనోభావాలు దెబ్బతింటే మన్నించగలరు. మన్నించకపోయినా డిలీట్ చేయబడదు.

ఒక్క షరతు. అత్త ఆన్‌లైన్‌లో లేదు, చూసుకునే రాస్తున్నాను. ఎవరూ ఇది ఆమెకు చదివి వినిపించకండి.

నిన్న పొద్దున మామ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తగానే "ఏం మామా, మళ్ళీ చెడగొట్టినావా?" అన్నాను.

అవతల మామ కాదు. అత్త.

"మీ మామ లేడప్పా" అంది. "నిద్రలోనే పోయినాడు."

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో కూర్చున్నంతసేపూ నేను అన్న ఆ మాటే చెవిలో తిరిగింది. జీవితంలో చెత్త జోకులు చాలా వేశాను. ఇంత చెత్తది ఎప్పుడూ వేయలేదు.

తెలియనివాళ్ళ కోసం: నాగరాజు మామ మా అమ్మకు తమ్ముడు. ఆదోనిలో వాళ్ళది పత్తి కమీషన్ మండీ. ఆ మండీకి ఒకప్పుడు తాత కంప్యూటర్ కొన్నాడు. దానికి హార్డ్ డిస్క్ లేదు. ముందువైపు రెండు ఫ్లాపీ డ్రైవ్‌లు. అప్పడంలాంటి నల్ల డిస్కు దోపితే గానీ లేచేది కాదు.

కొన్నేళ్ళకు డ్రైవ్‌లు రెండూ చదవడం మానేశాయి. ఆ తర్వాత మండీ దెబ్బతింది. మూతపడింది.

పత్తి ధరకూ ఫ్లాపీ డ్రైవ్‌కూ ఏ సంబంధమూ లేదు. కానీ అత్త లెక్క వేరు. "ఆ మిషన్ నోరు పడిపోయిన కాన్నుంచే మనకు దిగుదల" అనేది. అంటూనే ప్రతి ఆయుధపూజకూ దాన్ని అటక మీది నుంచి దింపించి బొట్టు పెట్టేది. ఏదో ఒక దసరాకు లేస్తుందేమోనని.

ఈ ఎండాకాలం మామకు పట్టుదల వచ్చింది.

"ఈ దసరాకు అది మాట్లాడల్లరా. మీ అత్త మనసులోంచి ఆ దిగుదల పోవల్ల."

బీటెక్ కంప్యూటర్స్ చదివిన ఏకైక మేనల్లుడిగా నన్ను చీఫ్ ఇంజనీర్‌గా నియమించాడు. ఫ్లాపీని నేను సేవ్ బటన్ మీద బొమ్మగా తప్ప చూడలేదు. ఆ సంగతి ఇంటర్వ్యూలో బయటపెట్టలేదు.

ఒక ఆదివారం డ్రైవ్ మూత విప్పాం. లోపల పత్తి పింజలు ఉంటాయని ముందే తెలుసు. ఆదోని మండీలో పనిచేసిన మనిషిని విప్పినా లోపల పత్తే ఉంటుంది. కానీ పత్తి కింద ఎర్రగా ఏదో గట్టిగా పట్టుకొని ఉంది.

"తుప్పా మామా?"

మామ వేలితో గీకి వాసన చూశాడు.

"కుంకుమరా."

అప్పుడు అర్థమైంది. ఆయుధపూజ నాడు మండీలో కాటాకు బొట్టు, ఇనప్పెట్టెకు బొట్టు, స్కూటర్‌కు బొట్టు. మరి కంప్యూటర్‌కు ఎక్కడ పెట్టాలి? అప్పట్లో కొత్త కోడలైన అత్త బాగా ఆలోచించి, నోళ్ళలా కనబడిన ఆ రెండు సందుల్లో పెట్టింది. ధారాళంగా. ఏటేటా. అది లోపలి నూనెతో కలిసి, డిస్కును చదివే హెడ్ మీద పేరుకుపోయింది.

నేను పడీపడీ నవ్వాను. మామ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, వంటింటి వైపు చూశాడు.

"మీ అత్తకు సెప్పొద్దురా అల్లుడా."

"చెప్తే నవ్వుతాది మామా."

"నవ్వదురా. మండీని నేనే మింగితి అనుకుంటాది."

"అడిగితే ఏం చెప్పల్ల?"

"దుమ్మని సెప్పు. ఆదోనిలో దుమ్ముకు సాక్ష్యం యాడ కావల్ల?"

అక్కడి నుంచి ఆదివారాలన్నీ స్పిరిట్టు, దూది పుల్లలతోనే గడిచాయి. బి డ్రైవ్ బతకలేదు. దాని స్ప్రింగులు తీసి పక్కనున్న ‘ఎ’ డ్రైవ్‌కు వేశాడు మామ. ఒక మధ్యాహ్నం అది గర్రుమని తిరిగింది, టకటకమంది, స్క్రీన్ మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి.

వంటింట్లోంచి అత్త, "ఎవరప్పా మిక్సీ ఏసింది?" అని అరిచింది.

మామ టవల్ మొహానికి అడ్డం పెట్టుకొని ఉన్నాడు.

అత్త వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. ఇంక మనకు దిగుదల లేదని సాయంత్రానికల్లా వీధంతా చెప్పింది.

మరి దసరాకు మళ్ళీ కుంకుమ పెడుతుంది కదా? దానికీ మామ దగ్గర ప్లాన్ ఉంది. ట్రాన్స్‌పరెంట్ టేపు కొని మానిటర్ పక్కన పెట్టాడు.

"పూజ నాడు మీ అత్త కంటే ముందు లేసి ఆ సందుకు టేపు అంటించు. అది నీ డ్యూటీ. అదిగూడ మరిస్తివా, ఆ బీటెక్ వాపస్ ఇచ్చేసి రా."

దసరా ఇంకా రాలేదు.

ఈ రోజు పొద్దున అత్త కుంకుమ భరిణె పట్టుకొని కంప్యూటర్ ఉన్న గదిలోకి వచ్చింది. మా అమ్మ ఆపబోయింది. "మైలలో పూజేందమ్మా?"

"పూజ గాదు వదినా" అంది అత్త. "పదో దినం అయినాంక ఈ చేత్తో పెట్టలేను గదా. దసరాకు పెట్టాల్సింది ఇప్పుడే పెడతా."

అమ్మ పక్కకు జరిగింది.

"ఒక్క నిమిషం అత్తా" అన్నాను. టేపు తీసుకున్నాను. దాని కొస దొరకదు. కళ్ళు కనబడవు. అత్త భరిణె పట్టుకొని అలాగే నిలబడింది.

"అదేందప్పా?"

"దుమ్ము పోకుండా అత్తా."

"అవునప్పా. మీ మామ గూడ దుమ్మనే అంటుండె."

టేపు మీద బొట్టు పెట్టింది. పెట్టిన వేలు చాలాసేపు తీయలేదు.

చివరగా ఒక మాట. కంప్యూటర్ లేచిన రోజు, నేనే బాగుచేశానని ఇక్కడే ఫొటో పెట్టాను. మీరంతా కంగ్రాట్స్ చెప్పారు. మామ కూడా లైక్ కొట్టాడు. ఆ పనంతా ఆయనదే. నేను టార్చి పట్టుకున్నాను, అదీ వంకరగా. మొత్తం రిపేరులో నేను నిజంగా చేసింది ఒక్కటే. ఆ టేపు.

నిమ్మళంగా పడుకో మామా. అంటించినాను.