జపాన్‌టౌన్ మలుపులో తిరగని మెడ

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల మిచికో గారు ఉండేవారు. పెళ్ళయి జపాన్‌లోని ఒసాకా నుంచి ఇక్కడికి వచ్చి యాభై ఏళ్ళు దాటిందట. వయసులో నాకంటే పెద్ద, ఉదయం వాకింగ్‌లో నాకంటే పదడుగులు ముందు. మొదటిరోజు మా అల్లుడు నన్ను ‘రావుగారు’ అని పరిచయం చేశాడు. ఆవిడ అదంతా నా పేరే అనుకుని, వాళ్ళ మర్యాద ప్రకారం చివర ‘సాన్’ తగిలించారు. సాన్ అంటే గారే. అలా నేను రావుగారుగారినయ్యాను. సరిదిద్దాలనుకుంటూనే ఉన్నాను గానీ, డబుల్ మర్యాద ఎవరికి చేదు? పోయిన నెల ఆవిడ ఇల్లు అమ్మేసి శాన్ హోసేలో చెల్లెలింటికి వెళ్ళారు. అక్కణ్ణుంచి సియాటిల్‌కి, కొడుకు దగ్గరికి. ఇక ఇటు రారు. “రావుగారు-సాన్, ఆదివారం నా ఫ్లైట్. శనివారం వచ్చి నాతో ఉడాన్ తినండి” అని ఫోన్ చేశారు.

మీరూ వెళ్ళాలనుకుంటే కారు అక్కర్లేదు. డబ్లిన్‌లో ట్రైనెక్కి, బే ఫెయిర్‌లో మారి, బెర్రియెస్సాలో దిగాలి. అక్కణ్ణుంచి సిటీబస్సు. సీనియర్ కార్డుంటే టికెట్టు చవక. పొద్దున తొమ్మిదికి బయలుదేరితే పదకొండుకల్లా శాన్ హోసే జపాన్‌టౌన్‌లో ఉంటారు. పేరుకి టౌను గానీ, ఉన్నవి నాలుగు వీధులు. ధగధగలు ఆశించి వెళ్తే నిరాశే. నేను దిగేసరికి ఒక ముసలాయన కొట్టు ముందు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

ఉడాన్ అంటే వేడి చారులో వేసిన లావుపాటి గోధుమ సేమ్యా. మిచికో గారు తీసుకెళ్ళిన చిన్న హోటల్లో “నేను చేప తిననండీ” అన్నాను వంటాయనతో. “ఇందులో చేప లేదు” అన్నాడు. తీరా గిన్నె నోటిదాకా వచ్చాక, “చారు మాత్రమే చేపది” అన్నాడు. మిచికో గారు నవ్వాపుకుంటూ సముద్రపు నాచుతో చేసిన చారు తెప్పించారు. శాకాహారులు ముక్కల గురించి కాదు, చారు గురించి అడగండి.

తిని బయటికొస్తే వంటాయన మా వెనకే గుమ్మం దాకా వచ్చి వంగి దండం పెట్టాడు. వీధి చివర మలుపులో మిచికో గారు ఆగి, వెనక్కి తిరిగి, తనూ వంగారు. ఆయనింకా అక్కడే ఉన్నాడు.

“లోపల చారు పొంగిపోదూ?” అన్నాను.

“పొంగనీండి. వెళ్ళేవాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడాలి. వెళ్ళేవాళ్ళు మలుపులో ఒకసారి తిరిగి చూడాలి. లేకపోతే ఆయన నిలబడ్డది ఎవరికోసం?”

“మాలో సరిగ్గా రివర్స్. బయలుదేరాక తిరిగి చూడకూడదు, వెనక్కి పిలవకూడదు.” మా నాయనమ్మ సంగతి చెప్పాను. ఆవిడ భయానికి, వీధి చివర గొడుగు గుర్తొచ్చినా వెనక్కి వెళ్ళక, బాపట్ల దాకా తడుస్తూ పోయిన ఘనుణ్ణి నేను.

“పాపం, ఆ గొడుగు” అన్నారు మిచికో గారు.

మధ్యాహ్నం మూడింటికి, ఆ వీధుల్లోనే ఉన్న ఆవిడ చెల్లెలింటి గేటు దగ్గర సెలవు తీసుకున్నాను. అలవాటుగా ‘వెళ్ళొస్తాను’ అనేశాను. ఎక్కడికొస్తానో ఇద్దరికీ తెలియదు. ఆవిడ వంగారు. నేను నడిచాను. మలుపొచ్చింది. వంటాయన గుర్తొచ్చాడు, కానీ అది కొట్టుకీ ఖాతాదారుకీ మధ్య మర్యాదే అని సర్దుకున్నాను. నాయనమ్మ పోయి నలభై ఏళ్ళయినా నా మెడ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. తిరగలేదు.

స్టాపు మలుపు అవతలే. బస్సెక్కాక అది చుట్టు తిరిగి అదే వీధి రెండో చివర నుంచి పోయింది. కిటికీలోంచి చూస్తే ఆవిడింకా గేటు ముందే నిలబడి ఉన్నారు, నేను మాయమైన మలుపు వైపే చూస్తూ. చెయ్యెత్తాను. ఎత్తింది ఆవిడ వీపుకి.

“ఇక్కడ ఆపుతావా బాబూ?” అన్నాను డ్రైవరుతో.

“స్టాప్ కాదు సర్. నెక్స్ట్ స్టాప్‌లో దిగండి. దూరం కాదు, వెనక్కి నడవొచ్చు.”

నెక్స్ట్ స్టాపొచ్చింది. తలుపు తెరిచాడు. అద్దంలోంచి నావైపు చూసి, కాసేపాగి, మూసేశాడు. గొడుగుని రెండోసారి వదిలేశాను.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే, “క్షేమంగా చేరారా, రావుగారు-సాన్?” అన్నారు. మలుపు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సియాటిల్ వెళ్ళొచ్చు, టికెట్టూ దొరుకుతుంది. కానీ ఆ గేటు ముందు నిలబడ్డ మనిషికి నేను చెప్పాల్సిన సెలవు అక్కడే మిగిలిపోయింది. నాయనమ్మ మాట తప్పని నేననను. అది వెళ్ళేవాడి మేలు కోరి చెప్పింది. నిలబడ్డవాళ్ళ సంగతి ఆవిడకెవరూ చెప్పలేదేమో.

వెళ్ళేవాళ్ళకి ఒక్కటే సలహా. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి వెనక్కి తిరగండి. బస్సు పోతే అరగంటలో ఇంకోటి వస్తుంది.