బైనా నడుముతాడు

ఇంగ్లండు రాజును వెళ్ళగొట్టామని అమెరికాలో కరోలినా దొరలు తుపాకులు పేల్చుకుని ఏడేళ్ళయింది. ఆ దొరల వరి మళ్ళలో, మోకాలి లోతు బురదలో కలుపు తీసే బానిస బైనాకు వాళ్ళ స్వేచ్ఛలో వీసమెత్తు దక్కలేదు. ఆమెకున్నదల్లా వంతు ముగిశాక మిగిలే పొద్దే. అదీ దొరల దయ కాదు. ఆమె తల్లి ఫిబా తరంవాళ్ళు మొండికేసి, వీపులు పగలగొట్టించుకుని సాధించారు. మనిషికి ఇంత మడి అని కొలిచి గుంజలు పాతుతారు, అది చేసేస్తే తర్వాతి పొద్దు ఎవరిది వాళ్ళది. ఆ కొలత పెంచకూడదు.

బురద అంటకుండా ఆడవాళ్ళు పావడాలు ఎగదోసి తుంటి చుట్టూ తాడు కట్టుకుంటారు. బైనా తాడు తల్లి పేని ఇచ్చింది. విప్పితే సరిగ్గా మడి కొలిచే కొలకర్రంత పొడవు. ఫిబా ఊరికే తాళ్ళు పేనే మనిషి కాదు. ఆమెను దొర తన కూతురి పెళ్ళికి వెండి గిన్నెలతోపాటు ఏటి అవతలి తోటకు కానుకగా పంపేశాడు. మనిషిని గిన్నెల వరసలో చేర్చిన చేతులకు పుండ్లు పుట్టాలని బైనా ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉంది.

ఆ ఉదయం పడవవాడు కబురు తెచ్చాడు. ఫిబాకు జ్వరం ముదిరింది, ఇవాళో రేపో అన్నట్టుంది. మూడో జాములో ఏటి నీళ్ళు వెనక్కి తీసే ఆటు మొదలవుతుంది, దానితోనే పడవ పోతుంది. వంతు అయితే బైనా ఎక్కవచ్చు, లేకపోతే లేదు. ఆమె నీళ్ళకు కూడా ఆగకుండా పార ఆడించింది. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని, ఎక్కడికొచ్చేసరికి పొద్దు ఎక్కడుంటుందో ఒంటికే తెలుసు. ఆ రోజు పొద్దు వాలుతోంది, గుంజ ఇంకా దూరంగానే ఉంది.

గట్టు మీద మేస్త్రి క్వాకో కొలకర్ర పట్టుకుని నిలబడ్డాడు. అతనూ బానిసే, తెల్ల పెత్తందారు టర్న్‌బుల్ చెప్పింది చేసేవాడు. కర్ర తెల్లగా, కొత్తగా ఉంది. బైనా గట్టెక్కి తాడు విప్పింది. పావడా బురదలో పడితే పడనిచ్చి, కర్ర పక్కన తాడు పరిచింది. జానెడు తక్కువయింది.

"తాడు కుంచించుకుపోయిందేమోనే," అన్నాడు క్వాకో, ఆమె కళ్ళలోకి చూడకుండా.

"కుంచించుకుపోయింది నువ్వు, మామా. ఈ కర్ర నరికిన చెయ్యి నీదేగా? మా అమ్మతోపాటు దెబ్బలు తిన్నది నీ తల్లి కాదా?"

క్వాకో గొంతు తగ్గించి, టర్న్‌బుల్ చెప్పాడని, తనను ఏం చెయ్యమంటావని గొణిగాడు. చుట్టూ మళ్ళలో పాతిక పారలు ఆగిపోయాయి. బైనా మళ్ళీ మడిలోకి దిగి, తాడుతో పది కొలతలు వేసి, గుంజ పీకి అక్కడ పాతింది. దాని ఇవతల ఉన్న కలుపంతా తీసింది. అవతల గడ్డిపరక ముట్టలేదు. పార కడిగి గట్టు మీద పెట్టి, ఏటివైపు నడిచింది. వంతు అయిందని టర్న్‌బుల్ రాసిచ్చే చీటీ లేకుండా వెళ్తే వీపు చీరేస్తారని క్వాకో వెనకనుంచి అరిచాడు. చీరుకోమంది.

బైనా ఆ పడవలోనే ఏటి అవతలి గుడిసెకు చేరింది. ఫిబా కళ్ళు తెరవడానికే చాలాసేపు పట్టింది.

"పని ఎగ్గొట్టి వచ్చావా, బిడ్డా?"

"లేదమ్మా. వంతు చేసే వచ్చా."

"ఎంత?"

బైనా తాడు తీసి తల్లి అరచేతిలో పెట్టింది. ఫిబా వేళ్ళతో ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడిమి, ఊఁ అంది. తెల్లారేలోపు పోయింది.

మూడో రోజు బైనా తిరిగి వచ్చేసరికి టర్న్‌బుల్ కొరడాతో గట్టు మీదే కాచుకుని ఉన్నాడు. ఆమె అతన్ని దాటి మళ్ళవైపు చూసింది. పాతిక మడుల చివరా ఐదేసి మూరల పట్టీలో కలుపు అలాగే నిలబడి ఉంది. ఒక్కరూ పార పెట్టలేదు. పట్టీకి ఇవతల పాత కొలత దగ్గర పాతిక గుంజలు, అన్నీ ఒకే వరసలో. ఆడవాళ్ళ నడుములకు పాత కొలతకు పేనిన పచ్చి నార తాళ్ళు ఉన్నాయి.

బైనా పావడా ఎగదోసి తాడు బిగించి, కొరడాకు వీపు తిప్పింది.