నిఘంటువు వెన్నులో దాచిన ముక్క

కుట్టు పెద్దమ్మ ఒట్టి మొండిఘటం. ప్రెస్సులో బైండింగు పనికి చేరిన కొత్తలో మేనేజరు ఏదో కాగితం తెచ్చి, పనివాళ్లందరినీ వేలిముద్ర వెయ్యమన్నాడు. అందరూ వేశారు. ఆవిడ మాత్రం చెయ్యి వెనక్కి దాచుకుని, "అందులో ఏముందో చదివి చెప్పండి బాబూ, అప్పుడేస్తా" అంది.

అక్కడే కూర్చుని నిఘంటువు రాసుకుంటున్న మాస్టారు ఆ మాట విన్నారు. మర్నాటి నుంచి రోజూ భోజనాల వేళ ఆవిడ చేత అక్షరాలు దిద్దించారు. ముప్పై అయిదేళ్ల మనిషి చేత! ఒక్కనాడూ విసుక్కోలేదు. తన పేరు తాను రాసుకున్న రోజున పెద్దమ్మ భోరుమంది. "మీ మేలు చచ్చినా మర్చిపోను మాస్టారూ" అంది.

నిఘంటువు అచ్చయింది. ఆ తర్వాత రోజులు మారాయి. దేశమంతటికీ ఒక్కడి మాటే చట్టమైంది. 'నిరంకుశత్వ వ్యతిరేకి' అన్న పదానికి మాస్టారు రాసిన అర్థం హత్యలకు ఉసిగొల్పుతోందంటూ ఆయన్ని జైల్లో పెట్టారు. దొరికిన కాపీలన్నీ ప్రెస్సుకు తెప్పించారు. ఆ పేజీ కోసి కాల్చేసి, ఆ పదానికి 'దేశద్రోహి' అని అర్థం వేసిన కొత్త పేజీ కుట్టి, పుస్తకాలను తిప్పి పంపాలి. ఆ పని పెద్దమ్మ నెత్తిన పడింది. కిక్కురుమనకుండా చేసింది. "చదువు చెప్పిన మనిషికే ద్రోహం! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అని తోటివాళ్లు దెప్పారు. పడింది పాపం.

పదకొండేళ్లకు ఆ పాలన కూలింది. మాస్టారు బయటికొచ్చారు గానీ, ఆయన మీద నేరం అలాగే ఉండిపోయింది. "మీరు రాసిన అర్థం అచ్చులో చూపించండి, కేసు కొట్టేస్తాం" అన్నాడు విచారణాధికారి. ఎక్కడుంది చూపించడానికి?

విచారణ నాడు పెద్దమ్మ గ్రంథాలయంలోని నిఘంటువును మోసుకొచ్చి బల్లమీద దబ్బున పెట్టింది. సంచీలోంచి కత్తి తీసింది. జవాను ఎగిరిపడ్డాడు.

"నీ జోలికి రాన్లే నాయనా, కూర్చో" అని, పుస్తకం వెన్ను మీది గుడ్డను జాగ్రత్తగా చీల్చింది. వెన్ను గట్టిగా ఉండాలని బైండింగువాళ్లు గుడ్డ కింద తుక్కు కాగితం అతికిస్తారు. పెద్దమ్మ ఆనాడు తుక్కును పొయ్యిలో వేసి, కోసిన పేజీలో ఆ పదమున్న ముక్కను ప్రతి పుస్తకం వెన్నులోనూ అతికించేసింది! ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరి దగ్గరా నోరు జారలేదు.

గొంతు సవరించుకుని తనే చదివింది. "నిరంకుశత్వ వ్యతిరేకి: ఒక్కరి మాటే అందరికీ శాసనం కావడాన్ని ఒప్పుకోని మనిషి, ఆ ఒక్కరు తనవాళ్లయినా సరే. వాడుక: చదివి చెప్పందే వేలిముద్ర వెయ్యనన్న ఆ కార్మికురాలు నిరంకుశత్వ వ్యతిరేకి."

అధికారి కేసు కొట్టేశాడు. మాస్టారు లేచి చేతులు జోడించబోతే, "అయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి!" అని ఆ చేతులు పట్టుకుంది.

"సాక్షిగా ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటూ అధికారి కాగితం జరిపాడు.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "ఉండండి బాబూ, ముందు చదవనివ్వండి."

మాస్టారు కళ్లు తుడుచుకుంటూ పెద్దగా నవ్వేశారు.