చెరిపేసిన క్లారినెట్

ఒక అబద్ధం ఇరవై ఏళ్ళ పైనుంచి నా గొంతులో అడ్డంగా ఉంది. మింగలేక, కక్కలేక బతికాను. ఇవాళ కక్కుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు అక్కర్లేదు. నా పేరు చెప్పను. పిరికిదాన్నే, ఒప్పుకుంటాను. ఆయన పేరు మాత్రం చెప్తాను. వీరాస్వామి మాస్టారు. సినిమాలకి క్లారినెట్ వాయించేవారు. ఆయన్ని మోసగాడని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ వెక్కిరిస్తున్నారు. ఆ వెక్కిరింతకి కారణం నేను.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం ఒళ్ళు మండింది. నేను చిన్నప్పుడు చూసిన ఒక సినిమా మ్యూజిక్, పాటలే కాదు, నేపథ్య సంగీతం మొత్తం, రెండు సీడీల సెట్‌గా తెచ్చారు. అట్ట మీద 'కంప్లీట్' అని పెద్దక్షరాలు. కంప్లీటట! అచ్చేసింది గుప్పెడు. ఏ షాపులోనూ దొరకదు. దొరికినవాళ్ళు ఫొటోలు పెట్టి ఊరిస్తారు, దొరకనివాళ్ళు ఏడుస్తారు. ఆ అభిమానుల గ్రూపులో ఒకడు అడిగాడు, రెండో డిస్కులో కోర్టు వరండా మ్యూజిక్ ఏదీ అని. అది అసలు లేనే లేదు, పుకారు అని ఇంకొకడు. మూడోవాడు రాశాడు: "అమీర్‌పేటలో ఒక జిరాక్స్ తాత ఉండేవాడు. తన దగ్గర ఆ టేపు ఉందని చెప్పి ఖాళీ క్యాసెట్ అంటగట్టాడు." దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

సిగ్గులేని వెధవలు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వాళ్ళకి ఆ కథ చెప్పిందెవరు? నేను కాదూ?

అప్పుడు నేను అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మాది గోదావరి జిల్లా. డిగ్రీ అయింది, జావా నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అన్నారు, బ్యాగు సర్దుకుని వచ్చేశాను. గదికి ఆరుగురం. మైత్రీవనం దగ్గర క్లాసు, ఫుట్‌పాత్ మీద పాంప్లెట్లు పంచేవాళ్ళని తోసుకుంటూ నడక, ఇంటర్నెట్ సెంటర్లో గంట. ఆ గంట నాది. అందరూ మెయిళ్ళు చూసుకుంటుంటే నేను సినిమా సంగీతం గ్రూపులో కూర్చునేదాన్ని. మాకు పాటలు కాదు, పాటలకీ మాటలకీ మధ్య వినపడే సంగీతం కావాలి. అది క్యాసెట్ల మీద రాదు. వీసీడీల నుంచి ముక్కలు ముక్కలుగా పట్టుకుని దాచుకునేవాళ్ళం. గ్రూపులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. గ్రూపు పెద్ద పంజాగుట్టలో ఉండేవాడు. సొంత కంప్యూటరు, మనిషంత స్పీకర్లు, దానికి తగ్గ పొగరు. "మేడమ్, మీకు లవ్ సాంగ్స్ లిస్టు కావాల్నా?" అని అందరి ముందూ రాసేవాడు. వాడి నోరు మూయించాలని నాకు ఎంత కసిగా ఉండేదో!

ఆ కోర్టు వరండా సంగతి అక్కడ ఎప్పుడూ నలిగేదే. సినిమా ఆఖర్లో తీర్పు అయ్యాక హీరోయిన్ ఒక్కతే వరండాలో బెంచీ మీద కూర్చుంటుంది. మాటల్లేవు. ఏడు నిమిషాలు ఒక్క క్లారినెట్. జనం ఈలలేసి గోల చేస్తే మొదటి వారం తర్వాత ఆ రీలు కోసేశారు. వీసీడీలో లేదు, టీవీలో రాదు. నేను ఏడో క్లాసులో, మా ఊళ్ళో, మొదటి వారమే చూశాను. విన్నాను. ఎవడూ నమ్మేవాడు కాదు.

మా ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద జిరాక్స్ షాపు వీరాస్వామి మాస్టారిది. మెటీరియల్ కాపీలు తీయించుకోవడానికి క్యూలో నిలబడ్డానొక రోజు. మెషీన్ గుర్రుమంటోంది. దాని మీదుగా ఆయన ఏదో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. నా చేతిలో కాగితాలు కింద పడ్డాయి. అదే! ఆ వరండా!

అడిగితే తెలిసింది, అది వాయించింది ఆయనే. మద్రాసులో ఇరవై ఏళ్ళు రీరికార్డింగుల్లో వాయించారు. కీబోర్డులొచ్చి వాళ్ళందరి నోట్లో మట్టి కొట్టాయి. ఇండస్ట్రీతో పాటు హైదరాబాద్ వచ్చి, పని లేక, ఈ మెషీన్ పెట్టుకున్నారు. ఏ సినిమా మీదా, ఏ క్యాసెట్ మీదా ఆయన పేరు పడలేదు. తాను వాయించానని చెప్పుకోవడానికి ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క క్యాసెట్. రికార్డింగ్ అయిన రోజు సౌండు ఇంజనీరు స్నేహంకొద్దీ కాపీ చేసి ఇచ్చింది. ఒక వైపు సినిమా సంగీతం, చివర్న ఆ ఏడు నిమిషాలు. రెండో వైపు ఖాళీ. దాన్ని ఎవరికీ ఇవ్వలేదట. చిన్నప్పుడు హాల్లో విన్నానన్నందుకు నాకిచ్చారు. పంజాగుట్టలో కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రంగా తెస్తానన్నాను. బుధవారం ఇచ్చారు. ఆదివారం గ్రూపు మీటింగు.

గురువారం మా ఫ్యాకల్టీ ఇంటర్వ్యూ ప్రశ్నల క్లాసు. ఆయన నోట్సు ఇవ్వడు, రెండోసారి చెప్పడు. అందుకని బ్యాటరీలతో నడిచే చిన్న టేప్ రికార్డర్ పెట్టుకుని వెనక బెంచీల్లో రికార్డ్ చేసుకునేవాళ్ళం. నేను బ్యాగు తెరిచేసరికి ఖాళీ క్యాసెట్ లేదు. రెండే ఉన్నాయి. ఒకటి పోయిన వారం క్లాసు. ఇంకొకటి మాస్టారిది.

పోయిన వారం క్లాసు మీద రికార్డ్ చేసి ఉండొచ్చుగా? ఇరవై ఏళ్ళుగా నన్ను నేను ఈ ప్రశ్న అడుగుతున్నాను. జవాబు చాలా తేలిక. అది నాకు కావాలి. మాస్టారిది మాస్టారికి కావాలి. నాది ముందు.

ఖాళీ వైపు వాడుకుంటే ఏం పోయింది అనుకున్నాను. పెట్టి నొక్కితే రికార్డ్ బటన్ కిందికి దిగలేదు. క్యాసెట్లతో పెరిగిన ఎవరికైనా తెలుసు, పైన అంచులో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొడితే ఆ వైపు రికార్డ్ అవదు. పోగొట్టుకోకూడనిది ఉంటేనే విరగ్గొడతారు. ఆయన సంగీతం ఉన్న వైపు విరగ్గొట్టి పెట్టుకున్నారు. నేను తిప్పి పెడితే సరిపోయేది. ఫ్యాకల్టీ అప్పుడే నోరు తెరిచాడు. నేను చాక్లెట్ కాగితం మడిచి ఆ కన్నంలో కుక్కాను. బటన్ దిగింది.

లేబుల్ చూడలేదా? చూడలేదనే చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కోసారి, అంట్లు తోముతుండగానో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడో, చూశాననీ, చూసి కూడా కాసేపేలే అన్నట్టు నొక్కేశాననీ అనిపిస్తుంది. పోనీ, పొరపాటే అనుకోండి. అదే చేసి ఊరుకుని ఉంటే నేనీ కాగితం రాసేదాన్ని కాదు.

క్లాసు సగంలో కరెంటు పోయింది. చీకట్లో గోల, తొందరగా వదిలేశారు. శుక్రవారం మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు నోట్సు రాసుకుందామని టేపు పెట్టాను. ఫ్యాకల్టీ గొంతు. నేను చేసింది అప్పుడే తెలిసిందని చెప్తే నమ్ముతారా? తెలిశాక కూడా ప్రశ్నలన్నీ రాసుకున్నాను. ఒక్కటి వదలకుండా రాసుకున్నాను. కరెంటు పోయిన గోల, కుర్చీల చప్పుడు, టక్కుమని ఆగిన శబ్దం. ఆ వెంటనే క్లారినెట్.

మిగిలింది. చివరి అయిదు నిమిషాలు మిగిలాయి. కరెంటు పోబట్టి మిగిలాయి.

ఎలా ఉందని అడక్కండి, నాకు చెప్పడం రాదు. ఏడవడం అయిపోయిన మనిషి ఊపిరి కుదుటపడుతుంటే వచ్చే వెక్కిళ్ళలా ఉంది. మధ్యలో ఒకచోట ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. ఏడ్చిన ఆ మనిషే ఆ తర్వాత పని చేసింది.

సగం ఉంటే మిగతా సగం ఏదీ అంటారు. ముందు జావా క్లాసు వినిపిస్తుంది. ఆ పంజాగుట్ట వాడు పడీ పడీ నవ్వుతాడు. ఆడదానికి క్యాసెట్ ఇస్తే ఇంతే అంటాడు. గ్రూపులో రాస్తాడు. మాస్టారికి తెలుస్తుంది. ఇదే నా భయం, ఇంతకన్నా పెద్దదేం లేదు. పరువు! ఇరవై రెండేళ్ళ పిల్లకి ఎంత పరువుంటుందండీ? ఆ కాస్త పరువు కోసం పాత ఇయర్‌ఫోన్ పిన్ను తెచ్చి మైకు కన్నంలో గుచ్చాను. అలా చేస్తే లోపలికి ఏ శబ్దమూ వెళ్ళదు. టేపు మొదటికి తిప్పి రికార్డ్ నొక్కాను. నలభై అయిదు నిమిషాలు. ఎక్కడైనా ఆపొచ్చు. నేను కిందికి వెళ్ళి మెస్‌లో అన్నం తిన్నాను. దొండకాయ వేపుడు, సాంబారు. తిని వచ్చేసరికి ఇంకా తిరుగుతోంది. ఆ అయిదు నిమిషాలు ఇంకా రాలేదు. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను. అయిపోయింది. చాక్లెట్ కాగితం పీకి కిటికీలోంచి పారేశాను.

ఆదివారం పంజాగుట్టలో అయిదుగురు మగాళ్ళు స్పీకర్ల ముందు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. సుయ్ మని గాలి. రెండు వైపులా అదే. గ్రూపు పెద్ద పగలబడి నవ్వాడు. "ఏం లేదు గిందుల. గా తాత నీకు మస్తు టోపీ పెట్టిండు" అన్నాడు. నేనన్నాను: "నాకూ మొదట్నుంచీ అనుమానమే."

ఇదీ ఆ అబద్ధం. మూడే మాటలు.

సోమవారం పొద్దున్నే వాళ్ళలో ఇద్దరు షాపుకి వెళ్ళి, కుర్రాళ్ళందరూ వింటుండగా, ఇంకో ఖాళీ క్యాసెట్ ఉందా తాతా అని అడిగారట. నేను సాయంత్రం వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన మెషీన్ ఆపారు.

"ఏమీ లేదటగా అమ్మా."

"లేదండీ మాస్టారూ. ఉత్త గాలి శబ్దం."

"నీకిచ్చేముందు విన్నానే. విని, మళ్ళీ మొదటికి తిప్పి ఇచ్చాను." చేతిలో కాగితాల కట్ట పక్కన పెట్టారు. "మా ఇంట్లో టేప్ రికార్డర్ పాతది. అదే తినేసిందంటావా?"

"అయ్యుండొచ్చండి."

"పోనీలే. నువ్వు చిన్నప్పుడు హాల్లో విన్నావు కదమ్మా. ఉందని నీకు తెలుసుగా. వాళ్ళకి ఆ ఒక్క మాట చెప్పు, చాలు."

టేపు పోయినా ఆయనకి ఇంకా నేను మిగిలున్నాను. సాక్షిని. ఒక్క మాట చాలన్నారాయన.

"చిన్నప్పుడు కదండీ. సరిగ్గా గుర్తులేదు."

ఆయన నా మొహంలోకి చూశారు. అనుమానంగా చూశారా? లేదు. అనుమానించి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఏమీ అనుకోకమ్మా" అని క్యాసెట్ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. నన్ను క్షమాపణ అడిగారు! ఆయన! నన్ను!

ఆ రోజు నుంచి నేను వెనక వీధి మెట్ల మీదుగా క్లాసుకి వెళ్ళాను. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నల్లో రెండు వచ్చాయి. ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి ఆ షాపు సెల్‌ఫోన్ రీచార్జ్ షాపు అయిందని విన్నాను. ఎక్కడికి వెళ్ళారో వెతకలేదు. యూసుఫ్‌గూడలో ఆయన ఉండే వీధి నాకు తెలుసు, ఒక్క బస్సు ఎక్కితే చాలు, ఇన్నేళ్ళలో ఎక్కలేదు. ఉన్నారో లేదో తెలీదు. తెలుసుకోకపోవడం కూడా నాకు అనువుగానే ఉండింది.

కోపం ఎవరి మీద లేదు? ఏడు నిమిషాలు ఓపిక పట్టలేని ప్రేక్షకుల మీద ఉంది. ఊదినవాడి పేరు ఒక్క చిన్న అక్షరంలో కూడా వేయని కంపెనీల మీద ఉంది. దొరికినదాన్ని దాచుకుని, దొరకనిదాన్ని తిట్టుకుంటూ, దాన్ని ప్రేమ అనుకునే మా అభిమానుల మీద ఉంది. కానీ వాళ్ళెవరూ ఆ బటన్ నొక్కలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఏ దద్దమ్మ అన్నాడో. టేపు మీద పోయింది చెబితే తిరిగి వస్తుందా?

ఇవాళ పొద్దున ఆ గ్రూపులో రాశాను. టేపు ఖాళీది కాదు, వీరాస్వామి మాస్టారు అబద్ధం చెప్పలేదు, అందులో ఆయన క్లారినెట్ ఉంది, నేను విన్నాను, విన్నాక నేనే చెరిపేశాను అని. రెండు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: "ప్రూఫ్ ఏది?" దాని కింద మళ్ళీ నవ్వు బొమ్మలు.

ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన్ని అడిగినట్టే నన్నూ అడుగుతున్నారు. ప్రూఫ్ లేదు. ఉంటే ఇప్పుడు నేనే. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, పేరు కూడా చెప్పుకోలేని సాక్షిని. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. అది ఉంది. ఆయనే వాయించారు. ఈ మాట బయటికి వచ్చాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది, ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.